గంగాధరం గారి మొక్కు, నా గుండు

పెళ్లి సంబంధం తప్పిపోవడానికి లోకంలో చాలా కారణాలుంటాయి. జాతకాలు కలవవు, మేనమామ అలుగుతాడు, పిల్లకు పిల్లాడి ముక్కు నచ్చదు. వాలీబాల్ బూట్ల వల్ల సంబంధం పోగొట్టుకున్నవాడు మాత్రం మా చిత్తూరు జిల్లా మొత్తానికీ నేనొక్కణ్ణే. అందులో వేరేవాళ్ల కుట్ర కూడా ఏమీ లేదు. స్వయంగా నేనే, చేత్తో మైకు పట్టుకుని, ఊరంతా వింటుండగా పోగొట్టుకున్నాను. నవ్వుకోండి, పర్వాలేదు. అప్పట్లో ఊరంతా నవ్వింది, మీరు కొత్తగా చేసే అవమానమేమీ లేదు.

డెబ్బైల చివరి సంగతి. చిత్తూరులో బెల్లం మండీ గంగాధరం గారికి ఒక వాలీబాల్ జట్టు ఉండేది. జట్టు పేరులో మండీ ఉండేది గానీ, ఖర్చులో మండీ ఎక్కడా కనపడేది కాదు. కొత్త బాలు కావాలని అడిగితే ఆయన పాతదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గాలి నిలస్తాండాదా లేదా?" అనేవారు. గాలి నిలిచేది. కానీ చెప్పులు కుట్టే అతను కుట్టీ కుట్టీ ఆ బాలు గుమ్మడికాయ వాటానికి వచ్చేసింది. కొడితే ఎటు పోతుందో మావాళ్లకూ తెలియదు, అవతలివాళ్లకూ తెలియదు. మేం గెలిచిన ఆటల్లో సగం దాని పుణ్యమే.

బనియన్లను మండీలోనే, బెల్లం దిమ్మల పక్కన దాచేవారు. వేసుకున్న కాసేపటికే చీమలు పని మొదలుపెట్టేవి. చిత్తూరు వాళ్లు ఎంత ఎత్తుకు ఎగురుతారబ్బా అని పొరుగూళ్ల వాళ్లు మెచ్చుకునేవారు. ఎందుకు ఎగురుతున్నారో మాకు మాత్రమే తెలుసు.

మేనేజరు గంగాధరం గారి బావమరిది చెంగల్రాయుడు. ఆట మధ్యలో నిమ్మకాయ కోసివ్వడం ఆయన పని. ఒకే నిమ్మకాయను జట్టంతటికీ సరిపెట్టేవాడు. పులుపు నాలుకకు తెలిసేలోపల ముక్క అయిపోయేది. ఇంకో కాయ కోయమని అడిగితే, "పులుపు ఎక్కువైతే కీళ్లు పట్టుకుంటాయప్పా" అని వైద్యం చెప్పేవాడు.

మేం అభిమానులం మైదానం చుట్టూ మట్టిగట్టు మీద కూర్చుని ఈ బావా బావమరుదుల్ని తిట్టుకునేవాళ్లం. తిట్టేవాళ్లలో నేనే ముందుండేవాణ్ణి. గొంతు బాగుంటుందని టోర్నమెంటుల్లో మైకు కూడా నాకే ఇచ్చేవారు. మైకు చేతికొస్తే నా నోరు నా మాట వినదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ జట్టుకు ప్రాణం ఏకాంబరం. నాకు వరసకు తమ్ముడు. వాడు లేచి బాలును కొడితే అవతల ఉన్నవాళ్లు ముందు మొహం కాపాడుకునేవారు, తర్వాతే ఆట. అంతటివాడి కాలి బొటనవేలు బూటు చిరుగులోంచి బయటికొచ్చి లోకాన్ని చూస్తుండేది. తిరుపతి జట్టుతో ఫైనలు రేపనగా వాడు నా దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు.

"అన్నా, ఈ మ్యాచి ఆడేసి నేను తిరపతికి పోతాండా."

"ఎందుకురా?"

"ఆడ కొత్త బూట్లిస్తారంట. దినామూ కోడిగుడ్లు పెడతారంట."

"మరి మన చిత్తూరు ఏమైపోవాల్రా?"

"చిత్తూరు నాకేం పెడతాండాదన్నా, చీమలు తప్ప?"

ఏకాంబరం లేని జట్టంటే ఇక మిగిలేది చెంగల్రాయుడి నిమ్మకాయే. ఎలాగైనా సరే వాణ్ణి ఆపాలని నిశ్చయించుకున్నాను. అదే వారం శుక్రవారం పూతలపట్టులో నాకు పెళ్లిచూపులు. ఆ సంగతి కూడా నాకు గుర్తు లేదు, అంత బాధ.

ఫైనల్లో రెండు జట్లూ సమానంగా నిలిచాయి. ఆఖరి సెట్టుకు ముందు విరామం. తిరుపతి వాళ్ల మేనేజరు దర్జాగా నడుచుకుంటూ వచ్చి, మా ఏకాంబరానికి గోలీసోడా కొట్టి ఇచ్చాడు. ఊరంతా చూస్తుండగానే! ఇటు చూస్తే చెంగల్రాయుడు నిమ్మముక్కను మళ్లీ రెండు చేస్తున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. గంగాధరం గారు మనిషి మాటకు లొంగరు. కానీ పరమ భక్తుడు, కొండవైపు తిరిగి దండం పెట్టనిదే మండీ తలుపు తీయరు. దేవుడి పేరు చెబితే కాదనలేరని నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. మైకు అందుకున్నాను.

"సోదరులారా! మన గంగాధరం గారు ఇప్పుడే ఏడుకొండలవాడికి మొక్కుకున్నారు! జట్టు గెలిస్తే ఆటగాళ్లందరికీ కొత్త బూట్లు, కొత్త బాలు!"

మట్టిగట్టు అదిరిపోయేలా ఈలలు. అక్కడ ఆపి ఉంటే నేనీపాటికి మనవలనెత్తుకుని తిరిగే పూతలపట్టు అల్లుణ్ణి. ఆపానా? ఈలలు వినేసరికి నోరు ఇంకా తెరుచుకుంది.

"అంతేనా! స్వామికి తలనీలాలు కూడా సమర్పిస్తారంట!"

మైదానమంతా పడీపడీ నవ్వు. ఎందుకో అర్థంకాక వెనక్కి తిరిగి చూశాను. గంగాధరం గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. సాయంత్రపు ఎండ ఆయన నెత్తి మీద పడి తళతళలాడుతోంది. ఆ నెత్తిన వెంట్రుకను చూసినవాళ్లెవరూ మా ఈడువాళ్లలో లేరు.

బూట్ల మాట విన్న ఏకాంబరం పూనకం వచ్చినట్లు ఆడాడు. గెలిచాం. నన్ను భుజాల మీద మోశారు. మర్నాడు పొద్దున మండీ నుంచి కబురొచ్చింది.

వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. చిరునవ్వుతో కూర్చోమన్నారు. అప్పుడే నాకు భయం మొదలైంది.

"ఏమబ్బా శేషూ, నా తరపున మొక్కినావంట?"

"తప్పైపోయిందండీ. జట్టు కోసరమని..."

"తప్పేముండాది? దేవుడి పేరు చెప్పినాక కాదనేదానికి నేనెవుర్ని? బూట్లు కొంటా, బాలూ కొంటా. కానీ ముందు స్వామిది స్వామికి చెల్లాల. ఆ తర్వాతనే మనుషులకు. అవునా కాదా?"

"అవునండీ."

"మరి తలనీలాలకు నా నెత్తిన యాడుండాది?"

ఆయన చూపు నెమ్మదిగా నా నెత్తి మీదికి వచ్చి ఆగింది. అప్పట్లో చెవులు కనపడకుండా జుట్టు పెంచడం ఫ్యాషను. నా జుట్టంటే మా వీధిలో పేరుండేది.

"నా నోరుగా మాట్లాడినావు గదా, నా నెత్తి కూడా నువ్వే కా!" అన్నారు తీర్పు చెప్పినట్లు.

"అయ్యా, శుక్రవారం నాకు పెండ్లిచూపులు!"

"మంచిదే గదప్పా. స్వామి దయతో పోతావు."

పక్కనుంచి చెంగల్రాయుడు, "ఇష్టం లేకుంటే మానుకో. బూట్లూ మానుకుంటాము. ఏకాంబరాన్ని తిరపతి బస్సెక్కిచ్చేద్దాం" అన్నాడు. చూశారా, నిమ్మకాయ కోసినంత సులువుగా నా ప్రాణాన్ని రెండు చేశాడు.

ఇంటికి వెళ్లి నాయనతో మొరపెట్టుకున్నాను. ఆయన, "స్వామి మొక్కంటే నేను కాదనలేను రా. మనిషి మొక్కైతే చెప్పుతో కొట్టుండేవాణ్ణి" అన్నారు.

కొండకెళ్లాను. గంగాధరం గారు కూడా వచ్చారు. నా పక్కనే నిలబడి, మంగలికి వేలితో చూపిస్తూ, "ఆ చెవెనకాల ఇంకా ఉండాది చూడప్పా, స్వామికి తక్కువ కాకూడదు" అని దగ్గరుండి జరిపించారు. జీవితంలో ఆయన దేనికీ తక్కువ కాకూడదని పట్టుబట్టడం నేను చూసింది అదొక్కసారే.

అన్న మాట ప్రకారం బూట్లు కొన్నారు, బాలూ కొన్నారు. మంచివే, అబద్ధం చెప్పకూడదు. ఏకాంబరం ఆ బూట్లు వేసుకుని నా కాళ్లకు దండం పెట్టినంత పని చేశాడు. గుండుతో ఒంటరిగా పూతలపట్టు పోవడానికి సిగ్గేసి, ధైర్యానికి వాణ్ణి కూడా రమ్మన్నాను. బుద్ధి ఉన్నవాడెవడైనా పెళ్లిచూపులకు తనకంటే అందగాణ్ణి వెంటబెట్టుకు పోతాడా? నేను పోయాను. వాడేమో తెల్లగా మెరిసే కొత్త బూట్లతో వచ్చాడు.

గుండుకు గంధం పూసుకుని చాప మీద కూర్చున్నాను. పిల్ల తండ్రి నా నెత్తివైపు భక్తిగా చూస్తూ, "ఏమి మొక్కు నాయనా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపల ఏకాంబరం అందుకున్నాడు. "నా బూట్ల కోసరం మామా!" అని మొదలుపెట్టి బెల్లం చీమలు, గుమ్మడికాయ బాలు, మైకు, గంగాధరం గారి నెత్తి, అన్నీ పూసగుచ్చినట్లు చెప్పాడు. ఇల్లంతా నవ్వే. తలుపు చాటున పిల్ల వసంత అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వుతూ తొంగి చూసింది. చూసింది నన్ను కాదు.

రెండు రోజుల తర్వాత మధ్యవర్తి వచ్చి నీళ్లు నమిలాడు. "పిల్లకు ఇష్టమేనంట. కాకపోతే..."

"కాకపోతే?" అన్నారు నాయన.

"గుండు పిలగాడు కాదంట. బూట్ల పిలగాడంట."

నాకు బాధ కలగలేదంటే అబద్ధం. ఆ రాత్రి అన్నం సయించలేదు. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అల్లుడు కళ్లెదుటే ఉండాలని పూతలపట్టు మామగారు గట్టిగా పట్టుబట్టడంతో ఏకాంబరం తిరుపతి ఊసే ఎత్తలేదు. నేను కోరుకున్నదే జరిగింది. వాణ్ణి చిత్తూరుకు కట్టిపడేశాను, నాకు చూసిన పిల్లతోనే.

ఏకాంబరం పెళ్లిలో చదివింపులు చదివే మనిషి రాలేదు. గంగాధరం గారు మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, "నా నోరు నువ్వే గదప్పా, కానీ" అన్నారు. ఒక్క మాట కూడా సొంతంగా కలపకుండా చదివాను. ఆయన చదివింపు ఒక బెల్లం దిమ్మ. చీమలతో సహా.

ఆనాడే, ఇంకా సగం కూడా మొలవని నా జుట్టు మీద చెయ్యి పెట్టుకుని, అగ్నిసాక్షిగా, పక్కవాళ్ల అగ్నే అనుకోండి, ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇంకొకరి తరపున దేవుడికి మొక్కను. ఒకవేళ నోరు జారి మొక్కవలసి వచ్చినా, ముందు వాళ్ల నెత్తి చూసుకుని మరీ మొక్కుతాను.