జరిమానాకి బిల్లు

ఈ రోజు సాయంత్రం అమలాపురంలో, మా వీధి చివరి సూపర్ మార్కెట్లో ఒకావిడ హ్యాండ్‌బ్యాగులోంచి డబ్బు కట్టని ఫేస్ క్రీము బయటపడింది. వరసలో ఆవిడ వెనకాల నేనే ఉన్నాను, కందిపప్పుతో.

ఓనరుగారు మర్యాదస్తులు. దొంగని కూడా 'అండీ' అనే పలకరించేరు.

"క్రీము నలభై రూపాయలేనండి. కానీ కెమెరాల ఖర్చూ, కుర్రాళ్ళ జీతాలూ ఉన్నాయి కదండీ. అన్నీ కలిపి రెండు వేలు ఇప్పించండి. లేదంటే మీ ఫోటో గుమ్మంలో అంటిస్తామండి."

ఆవిడ బ్యాగులోంచి నలభై రూపాయలు తీసి బల్ల మీద పెట్టేరు.

"ఆయ్, తప్పు నాదేనండి. క్రీము డబ్బులు ఇదిగోండి. ఆ రెండు వేలూ దేనికో బిల్లులో రాసి, షాపు ముద్ర వేసి ఇవ్వండి, కడతాను."

ఆ షాపు తెరిచిన దగ్గర్నుంచీ ఎవరికీ బిల్లు ఇవ్వగా నేను చూడలేదు. చిత్తుకాగితం మీద కూడతారు, నలిపి పారేస్తారు. ఓనరుగారు "పోనీలెండమ్మా, మళ్ళీ రండి" అని సాగనంపేరు. దొంగతనం చేసినావిణ్ణి!

నాకూ హుషారొచ్చి, కందిపప్పుకి బిల్లు అడిగేను. అప్పుడు చూసేరండీ నా వంక, అచ్చం దొంగని చూసినట్టు.

మీలో బిల్లు అడిగిన దొంగలు ఇంకెవరైనా ఉంటే కాస్త చెయ్యెత్తండి.