మందును ఆరబోసిన సారు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. నాకైతే అసలే ఉండేది కాదు. రైతులకు సలహాలు చెప్పే పనిమీద భద్రాచలం అడవి అంచున ఒక ఊళ్లో దిగాను. మీసం అప్పుడప్పుడే వస్తోంది (దాన్ని మీసమని నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి). నేను కిరాయికున్న ఇంటి పెద్దమ్మకు అరెకరం మిరపతోట. ఆ ఏడు ఆమె ఆశంతా దానిమీదే. వేరుపురుగు పడి మొక్కలు వాలిపోతున్నాయి. "అందరు పురుగుమందు గుళికలు చల్లుమంటున్నరు. నువ్వేమంటవ్ సారూ?" అనడిగింది. వద్దన్నాను. పురుగుకే రోగం తెప్పించే శిలీంద్రం ఉందన్నాను. మాగిన పశువుల ఎరువులో ఆ శిలీంద్రపు పొడి, బెల్లం నీళ్లు కలిపి, నీడన కుప్ప పోసి, తడి గోనెసంచులు కప్పించాను. "దీనిమీద బూజు పెరుగుతుంది. అదే మందు. ఎండ తగిలితే చస్తుంది, జాగ్రత్త!" అని వేలు చూపించి మరీ చెప్పాను.

పదోరోజు ఆదివారం. పెద్దమ్మ ప్రార్థనకు వెళ్లింది. వచ్చేటప్పుడు మందు చూపించడానికి నలుగురు రైతుల్ని వెంటబెట్టుకొస్తానంది. ముందుగా ఓసారి చూద్దామని సంచి ఎత్తాను. కుప్పంతా తెల్లగా, అక్కడక్కడా పచ్చగా బూజు! నేను వైరా దగ్గర మిరప రైతు కొడుకును. మా ఇంట్లో కాయమీద కాస్త బూజు కనిపిస్తే చాలు, నాన్న కేక, ఇంటిల్లిపాదీ పరుగు, కల్లంలో ఆరబోత. చదివిన చదువు ఎటు పోయిందో గానీ, గబగబా తట్టలకెత్తి వాకిట్లో ఎండకు పరిచేశాను. పైగా పారతో తిరగేస్తున్నాను కూడా.

సగం కుప్ప పరిచేసరికి పెద్దమ్మ వచ్చింది. రైతులింకా దడి దగ్గరే ఉన్నారు.

"ప్రభువా! ఏంది సారూ గిట్ల జేసినవ్?" అంది లోగొంతుకతో.

"బూజు పట్టింది పెద్దమ్మా..." అని గొణిగాను. అన్నాక గానీ నేనేమన్నానో నాకే తెలియలేదు.

లోపలికొచ్చిన ఒకాయన అది చూసి నవ్వాడు. "గుళికలే నయం" అన్నాడు. పెద్దమ్మ గిర్రున తిరిగింది. "నవ్వుతవేంది? ఎండల పోస్తే మందు ఎట్ల ఖరాబైతదో సారు చూపెడుతుండు. నీడన ఉన్నదే పనికొస్తది. సమజైందా?"

నేను గంభీరంగా తలూపాను.

మిగిలిన సగాన్ని సాయంత్రం మొక్కల మొదళ్లలో వేసి తడిపెట్టాం. అది సగం తోటకే సరిపోయింది. మళ్లీ పొడి తెప్పించేలోగా రెండోవైపు నాలుగు సాళ్లు ఎండిపోయాయి. వాటి పక్కనుంచి నడవాలంటే సిగ్గుతో నా ప్రాణం చచ్చేది. ఆమె మాత్రం ఎండిన మొక్కల్ని పీకి, తన పని తాను చేసుకుపోయేది. నెల తిరిగాక మందు వేసినచోట తవ్వితే, పురుగులు పచ్చటి పొడి పూసుకుని బిగుసుకుపోయి కనిపించాయి. తోట నిలబడింది. అంతకుముందు కొత్త పొడి వచ్చిన రోజు నేను ఎరువులో చెయ్యి పెట్టబోతే మాత్రం పెద్దమ్మ ఆపేసింది. "నువ్వు చెప్పు బిడ్డా, నేను చేస్త. నువ్వు ముట్టకు."

ఇప్పుడు నా తల నెరిసింది. కుర్రవాళ్లకు ఈ పనే నేర్పిస్తున్నాను. అయినా బూజు కనిపిస్తే చాలు, నా చేతులు పార కోసం వెతుకుతాయి. అందుకే కలపడం, కప్పడం వాళ్లకే వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. వాళ్లేమో అది పెద్దరికం అనుకుంటున్నారు.