లండన్ అని రాసిన పెట్టె

ఆ రోజుల్లో మా కూలీల క్యాంపులో మనిషి హోదా అతని మంచం కింద ఉన్న అట్టపెట్టెను బట్టి తెలిసేది. సెలవు దగ్గరపడుతున్నకొద్దీ అందులోకి పాలపొడి డబ్బాలు, సబ్బులు, సెంటు సీసాలు ఒక్కొక్కటే చేరేవి. సెలవుకు వెళ్లేవాళ్ల పెట్టెలు కట్టడంలో నేను, మా క్యాంపు ఉన్న మెసైమీర్ మొత్తానికీ పేరున్నవాణ్ణి (ఈ మాట నేనే అంటున్నాను, ఇంకెవరూ అనలేదు). ముందు ప్లాస్టిక్ పొర నాలుగు చుట్లు, ఆపైన తాడు అడ్డంగా, నిలువుగా, చివరికి మార్కర్‌తో నాలుగు వైపులా పేరు, ఊరు. నా మొదటి సెలవుకు ఇంకా రెండు వారాలున్నాయి. "దుబాయ్ సబ్బులు మరువకు బిడ్డా" అని అమ్మ ఫోన్లో రోజూ అనేది. నేనుండేది ఖతర్ అని చెప్పడం మొదటి ఏడాదే మానేశాను.

అప్పుడే కంపెనీ నన్ను దోహాలో ఒక బొమ్మల ప్రదర్శనకు పంపింది. గోడలకు బొమ్మలు తగిలించడం డ్యూటీ. బ్రిటిష్ పాప్ ఆర్ట్ అన్నారు. రాజులూ రాణులూ ఉంటారనుకున్నాను. చూస్తే పత్రికల్లోంచి కత్తిరించి అంటించిన మాంసం డబ్బాలు, చాక్లెట్ కాగితాలు, ఇల్లు ఊడ్చే మిషన్లు, వాటి పక్కన పళ్లన్నీ కనబడేలా నవ్వే ఆడవాళ్లు. మా ఫోర్‌మన్ మామ (నిజామాబాద్ వైపు మనిషి, అందరికీ మామే) చాలాసేపు చూసి, "ఎవనిదో పెట్టె ఇప్పి గోడకు కొట్టిండ్రురా" అన్నాడు. జరిగిన తప్పులో మామకూ వాటా ఉందని అందుకే అంటాను.

మూడో రోజు నేల మీద మూత తెరిచిన పెద్ద సబ్బుపొడి పెట్టె కనిపించింది. ఖాళీగా ఉంది. పక్కన కుర్చీలో ప్రదర్శన బాధ్యత చూసే లండన్ మేడమ్ శాలువా, కప్పు, చెప్పులు, రెండు పుస్తకాలు. ఆమె ఆ వారంలోనే ఇంటికి వెళ్తుందని విన్నాను. పాపం, పెట్టె కట్టడం రాక వదిలేసిందనుకున్నాను. అన్నీ అందులో సర్దాను. నాలుగు చుట్లు చుట్టాను. తాడు బిగించాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో నాలుగు వైపులా లండన్ అని రాశాను.

మేడమ్ భోజనం చేసి వచ్చి, చూసి, నిలబడిపోయింది. ఆ పెట్టె కూడా ప్రదర్శనలోదేనట. అట్టలా కనిపించేది చెక్కట, దాని మీద అక్షరాలు చేత్తో వేసిన రంగులట. "నీ సెలవు మాఫీ రా" అన్నాడు మామ మెల్లగా (మన దగ్గర మాఫీ అంటే మన్నించడం, ఇక్కడి అరబ్బీలో 'లేదు' అని). అమ్మ సబ్బులు గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. మేడమ్ చేతి తొడుగులు వేసుకుని, తాడు విప్పి, పొర ఒలిచి, టార్చితో అంగుళం అంగుళం వెతికింది. ఒక్క గీత పడలేదు. మార్కర్ అంతా ప్లాస్టిక్ మీదే ఉంది. ఎందుకిలా చేశావని అడిగింది. మామ తన ఇంగ్లీషులో మా పెట్టెల సంగతంతా చెప్పాడు. ఆమె, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ల దేశంలోనూ సరుకులకు కటకటేనని, దుకాణాలు నిండాక జనం పడ్డ ఆశనూ, దాని మీద కాస్త వెక్కిరింపునూ ఈ బొమ్మల్లో పెట్టారని చెప్పింది. మామ దాన్ని తెలుగు చేశాడు.

"గీ పెట్టెల సబ్బు లేదంటరా. సబ్బు మీద ఆశ ఉన్నదంట."

"మా దాంట్ల సబ్బే ఉంటది మేడమ్" అన్నాను.

మామ ఆ మాట ఆమెకు చేరవేసినట్టున్నాడు, నవ్వింది. ఫిర్యాదు రాయలేదు. అనుకున్న రోజుకే విమానం ఎక్కాను. అమ్మ సబ్బులన్నీ బీరువా అద్దం తలుపు వెనక వరసగా పేర్చి, వచ్చినవాళ్లందరికీ చూపించింది. ఒక్కటీ వాడలేదు.

ఇప్పుడు ఖతర్‌లోనే అల్ ఖోర్ పట్నంలో ఉంటున్నాను. ఆ సబ్బులు ఇండియాలో మా ఊరి దుకాణంలోనే దొరుకుతున్నాయి. అయినా ప్రతి సెలవుకూ నాలుగు కొంటాను, అమ్మ వాటిని వాసన చూసి అద్దం వెనకే పెడుతుంది. సబ్బే ఉంటది అని మేడమ్‌కు అంత ధీమాగా చెప్పిన కుర్రవాడు అప్పుడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పెట్టె మీద నాలుగు వైపులా పేరు మాత్రం ఇప్పటికీ రాస్తాను.