ఆరు వేళ్ల అవ్వ

బొంబాయిలో అద్దె గదులు బారులుగా ఉండే మా కామాటిపుర చాల్‌లో ఒక అవ్వ ఉండేది. మేస్త్రీ కూలికి వెళ్లినచోట గోడ లేచిందంటే ఎడమ చేతిని తడి సున్నంలో ముంచి గుమ్మం పక్కన అద్దేది. పని పూర్తయిందనడానికి అది వాళ్లింటి ఆడవాళ్ల ఆనవాయితీ. ఆ చేతికి ఆరు వేళ్లు. వాళ్లమ్మకూ అంతేనట.

నిరుడు ఇంగ్లండు పల్లెటూరి దొరసాని ఒకామె తన పాతింటి చరిత్ర వెతుక్కుంటూ వచ్చింది. ఆమె ముత్తాత బొంబాయిలో మా తెలుగు కూలీలతో, అదే కామాటివాళ్లతో, మేడలు కట్టించాడట. తన వంటింటి గోడకు పెచ్చులూడితే బయటపడిందంటూ ఫోటో చూపించింది. సున్నంలో ఆరు వేళ్ల చెయ్యి!

కోతలు కోసి బతికే నేనే, ఇది కోత కాదని ఆ ఫోటో తీసుకెళ్లి అవ్వ చేతిలో పెట్టాను.

అవ్వ ఫోటోను నిమిరింది.

"మా అమ్మమ్మ అక్కరా! ఆ దొర పిల్లల్ని ఆడిపియ్యనీకి సీమకు వొయ్యే జహాజ్ ఎక్కింది. నడి దర్యాల ఓడ మునిగిందని పిండం గూడ పెట్టిండ్రు. మునగలేదురా, చేరింది పోరి!"