ఉచితమన్న మాట మోసుకుని కొల్లేటి లంకకు

మిత్రునితో కలిసి చేసిన పనిని లోకానికి ధారపోయడానికి అతని ఇల్లాలి అనుమతి కోరి చేసిన ప్రయాణమిది. ఇవ్వదలచిన వస్తువులో మరొకరి పాలు ఉన్నప్పుడు వారిని అడగక ఇచ్చేది దానం కాదు. అందుకే మార్గశిరంలో ఒక గురువారం ఉదయం తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కాను. ఏలూరులో డీటీపీ షాపు నడిపిన కరీముల్లా, నేను ఏళ్ల తరబడి శ్రమించి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. పద్యం ఇస్తే అది గురులఘువులు గుర్తించి, యతిప్రాసలు ఎక్కడ తప్పాయో చూపుతుంది. ఛందోలక్షణం నాది, ప్రోగ్రాం అతనిది. నిరుడు అతడు కన్నుమూశాడు. ఒక సంస్థ దానిని కొంటానంటోంది. కొన్న పిమ్మట లోపలి రాతను, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరికీ చూడనివ్వదు. నేనేమో స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేయదలచాను. అతని భార్య షహనాజ్ గారు ఒప్పుకోకుంటే అది జరగదు.

ఏలూరుకు గంట ప్రయాణం. ఉంగుటూరు దాటాక ఇరువైపులా కోసిన వరి పనలు మంచుకు తడిసి ఉన్నాయి. భీమడోలు రాగానే కరీముల్లాకు ఫోను చేయడం నా అలవాటు. ఆ రోజూ చెయ్యి జేబులోకి వెళ్లింది. ఏలూరు స్టేషను బయట అతడు ఎదురుచూసే చోట ఎవరో సైకిలు పెట్టుకున్నారు. అక్కడే షహనాజ్ గారు ఉండే కొల్లేటి లంకకు రానూపోనూ ఆరు వందలకు ఆటో మాట్లాడాను.

"పక్షులు చూడ్డానికాండీ?" అన్నాడు డ్రైవరు.

"కాదు బాబూ, ఒక సంతకానికి."

"అయితే చేపల చెరువు లీజన్నమాట! ఈ వయసులో రొయ్య మాత్రం వెయ్యకండి, బాబుగారూ. నిద్రుండదు."

నవ్వాను. చాలా రోజులకు నవ్వానని ఆ తరువాత తోచింది.

షహనాజ్ గారు లంక ఊరి బడిలో టీచరు. బడి వెనకే ఇల్లు. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, సూటిగా విషయానికి వచ్చారు.

"మీ మెసేజీ చూశానండి, పంతులుగారూ. ఉచితంగా ఇచ్చేద్దామని రాశారు. ఉచితమంటే ఊరికేననేగా? ఆయన కళ్లు పాడుచేసుకున్న పనండీ అది. సంతలో కొత్తిమీర కొసరు కాదు."

సంస్కృతంలో ఉచితమంటే తగినది. నా బుద్ధి ఆ అర్థంలోనే తిరుగుతూ, ఇంటింటా ఆ మాటకున్న అర్థాన్ని మరచింది.

"వెల మాట కాదమ్మా. కావలసినవారు దీనిని అమ్ముకోనూవచ్చు. లోపలి రాత చూసే, దిద్దే, పంచే స్వేచ్ఛ అందరికీ ఇవ్వడమే నా ఉద్దేశం."

ఆమె కిటికీలోంచి చెరువు గట్టు చూపించారు. "ఇవన్నీ ఒకప్పుడు అందరి నీళ్లేనంటారు. స్థోమతున్నవాళ్లు గట్లు పోసేశారు. మీ స్వేచ్ఛకీ రేపెవరో గట్టు పోస్తే?"

"పోయరాదన్నదే అందులోని షరతు. మార్చి పంచేవారు తాము మార్చినదాన్ని కూడా ఇదే స్వేచ్ఛతో ఇవ్వాలి. కరీముల్లా పేరు తీయరాదు."

"మరి ఆ యతో?"

యతి అంటే పద్యపాదం మొదటి అక్షరానికీ నడుమ ఒక అక్షరానికీ కుదరవలసిన పొత్తు. అందులో ఒక రకాన్ని అతడు ఒప్పన్నాడు, నేను తప్పన్నాను. చివరకు ప్రోగ్రాంలో అతని మాటే నిలిచింది.

"దానినీ ఎవరైనా మార్చవచ్చు. మార్చామని చెప్పి మార్చాలి."

"బాగుందండీ! ఆయన ఉండగా మీరొక్కరే తప్పనేవారు. ఇప్పుడు లోకమంతటికీ అప్పజెబుతున్నారు." నవ్వి, అంతలోనే ఆగారు. "నిజం చెప్పండి. ఎందుకిస్తున్నారు? పుణ్యానికా, పేరుకా?"

విద్యాదానం గురించి రైల్లో కూర్చుకున్న వాక్యాలను పక్కన పెట్టాను.

"పోట్లాడేవారు లేరమ్మా. ఇది తప్పని నేను రాస్తే, కాదని తిరిగి రాసేవారు ఎక్కడినుంచైనా వస్తారేమోనని."

ఆమె పెన్ను అందుకున్నారు. నేను తెచ్చిన సమ్మతిపత్రంలో 'ఉచిత' అన్న మాట కొట్టివేసి, పైన 'స్వేచ్ఛా' అని రాసి, సంతకం చేశారు.

"ఒక్క మాటండీ. ఆ యతిని లోకంలో ఎవరైనా మార్చుకోనివ్వండి. మీరు మాత్రం మార్చకండి."

"ఎందుకమ్మా?"

"మీరు మారిస్తే ఆయన ఓడిపోయినట్టుంటుంది."

మాట ఇచ్చాను. తిరుగు దారిలో నీళ్ల మీద కొంగలు వాలుతున్నా ఆటో ఆపమనలేదు. ఇచ్చేవాడు తనకేమీ ఆశించడన్నది శాస్త్రం. నేను ఆశించాను, నా చేతిది విడిచిపెట్టి, మారుగా ఒక వాదప్రతివాదం కోరాను. ఈ లైసెన్సు ఎవరని అడగకుండా అందరికీ ఇచ్చే హక్కుల్లో ఒకదానిని, ఆ యతిని మార్చే హక్కును, లోకంలో నేనొక్కణ్నే వదులుకున్నాను. మిత్రుడు పోయాక అతనితో నాకు మిగిలిన బంధం ఆ వదులుకోవడమే. అది బరువుగా లేదు.

ఈ దారిన వచ్చేవారికి ఒక సూచన: లంక ఊళ్లలో సాయంత్రం ఆటోలు దొరకవు. ఏలూరులోనే రానూపోనూ మాట్లాడుకుని బయలుదేరండి.

మా రాతను విప్పి చూడబోయే, ముఖమెరుగని బిడ్డలారా, తప్పులు దిద్దండి. మీ దిద్దుబాటును మరొకరు దిద్దేలా విడిచిపెట్టండి. కాదని చెప్పే స్నేహితుడు మీకు కడదాకా ఉండుగాక.