ఈ పెట్టె కడుపు నేను కోయను

ఇంత పనితనం చేతిలో పెట్టుకుని అంగడి ఎందుకు పెట్టవని అడగనివాళ్ళు మా వీధిలో లేరు. తిరుత్తణిలో మా వంటింటి పక్కన రేకుల వసారా ఉంది. అందులో ఒక బల్ల, బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక పాత వాల్వు రేడియో వీపు విప్పుకుని ఉంటుంది. బాగుచేసి, పాడించి, ఎవరిది వాళ్ళకు ఇచ్చేస్తాను. సామానుకైనదే తీసుకుంటాను. అందుకని అందరికీ నేనంటే జాలి. పనీపాటా లేని ఆడమనిషి పిచ్చి అని కొందరు నా మొహం మీదే అన్నారు. అననీ. ఎందుకు పెట్టనో ఒక్కసారి రాసిపెడితే రోజూ చెప్పే బాధ తప్పుతుంది.

పదేళ్ళు నేను సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో సోల్డరింగ్ చేశాను. బోర్డు వస్తుంది, ఒకే చోట ఒకే చుక్క సీసం పెట్టాలి, బోర్డు వెళ్ళిపోతుంది. నేను అతికించిన వాటిలో ఒక్కటీ నా ఎదుట నోరు తెరవలేదు. లైను ఎత్తేసి మమ్మల్ని ఇంటికి పంపాక, పాత ఇనుప సామాన్ల బండి మీద ఒక రేడియో కనబడితే తెచ్చుకున్నాను. దాంతో మూడు నెలలు కుస్తీ పట్టాను. ఒక మధ్యాహ్నం అది గరగరమని, దగ్గి, నాదస్వరం వినిపించింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. పకపకా నవ్వేశాను. పదేళ్ళ ఉద్యోగంలో అలా ఒక్కరోజూ నవ్వి ఎరగను.

మా తమ్ముడికి తిరువళ్ళూరులో సెల్‌ఫోన్ రిపేరు అంగడి ఉంది. మంచివాడే, కాకపోతే ఏది చూసినా వాడికి ముందు బేరం కనబడుతుంది. చెన్నైలో కాఫీ హోటళ్ళవాళ్ళూ బంగళాలవాళ్ళూ పాత రేడియోలు అడుగుతున్నారని తెలిసి నా దగ్గరకు వచ్చాడు.

"అక్కా, సుమ్మా ఊరికే ఇంట్లో కూచోని చేసేదేమో మన అంగట్లో చెయ్యి. నీ చేతికి ఇంత మతిప్పు, ఇంత విలువ ఉండాది, ఎందుకు వేస్టు చేస్తావు?" అన్నాడు.

వెళ్ళాను. కాదనలేక కాదు, నాకూ ఆశ పుట్టింది. రోజూ లోకల్ రైల్లో పోయి వచ్చేదాన్ని. అక్కడ వాడు పెట్టిన రూలు ఒకటే. అరగంటలో బాగుపడితే సరి. లేదంటే లోపలున్నదంతా పీకేసి, పెట్టెలో బ్లూటూత్ బోర్డు బిగించి, ముందున్న అద్దం వెనక చిన్న దీపం పెట్టాలి. పార్టీకి కావలసింది పెట్టె అందమే గాని దాని గొంతు కాదని తమ్ముడి వాదన. అలా నాలుగు పెట్టెల కడుపులు నా చేతులతోనే కోశాను. ఇంకొకరి మీదకు నెట్టను. నేనే కోశాను.

ఐదోది మా ఊరినుంచే వచ్చింది. తిరుత్తణి బస్టాండు దగ్గర ఇడ్లీలంగడి నడిపే అక్క, పాత పంచెలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది. ఆ సమయానికి నేను అంగట్లో లేను. మర్నాడు చూస్తే పొగకూ నూనెకూ నల్లబడిపోయిన పెట్టె. స్టేషన్లు చూపే అద్దం మీద, ఒక పక్కగా, గంధమూ కుంకుమా గట్టిపడిన లావుపాటి చుక్క ఉంది. మా వైపు ఆయుధపూజకు కుట్టుమిషనుకూ బొట్టు పెడతాం, గ్రైండరుకూ పెడతాం, బండికీ పెడతాం. ఏటికేడు పెట్టింది పేరుకుని ఉంటుందనుకున్నాను. ఫ్యాక్టరీలో చిన్న మరకకు కూడా తిట్లు తిన్న చెయ్యి కదా, ఊరుకోలేదు. స్పిరిట్ ముంచిన గుడ్డతో అద్దం అంతా తుడిచేశాను. కొయ్యకు నూనె పట్టించాను. పెట్టె నిగనిగలాడింది. నాకు భలే సంతోషం వేసింది.

ఆ నిగనిగే కొంప ముంచింది. చెన్నైనుంచి వచ్చిన ఒక పార్టీ దాన్ని చూసి, ఇదే కావాలని పట్టుబట్టాడు. తమ్ముడు అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. ఇడ్లీ అక్కకు ఫోన్ చేసి, ఇది బాగుపడదు, దీని బదులు కొత్త స్పీకరు ఒకటి ఇస్తానన్నాడు. నేను అప్పటికే విప్పి చూశాను. స్పీకరుకు ముందుండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగ తెగింది, అంతే. తీగ మళ్ళీ చుడితే పాడుతుంది. కాని అది అరగంట పని కాదు, వారాల పని.

అక్క మరుసటి రోజే వచ్చింది. రేడియోను అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా బొట్టు యాడ?" అంది.

"మురికిగా ఉండాదని తుడిచేసినానక్కా."

"నిన్నెవురు తుడవమనినారు? నాకు చదువు రాదమ్మా. ఆ బొట్టు కాడికి ముల్లు తిప్పితేనే తెలుగు టేషను వస్తాది. యాభై ఏండ్లుగా ఉండాది. ముందు మా అత్త పెట్టింది, తరువాత నేను పెట్టినా. ఇప్పుడు యాడని తిప్పేది నేను?"

తమ్ముడు సందు దొరికిందనుకున్నాడు. "అదే చెప్తా ఉండాను కదక్కా, ఇంక అది పనికిరాదు. కొత్తది తీసుకోండి, సెల్లులో తెలుగు పాటలు ఎన్నయినా వస్తాయి," అన్నాడు.

అక్క మొహంలో రంగు మారింది. ఒప్పుకోబోతున్నదని నాకు తెలిసిపోయింది. రేడియో మీదనుంచి చెయ్యి తీసి చీరకు తుడుచుకుంది. ఆ చెయ్యి తీయడం చూసి నాకు ఒళ్ళు మండింది. తమ్ముడి మీద ఎంత కోపమో నా మీదా అంతే.

"బాగుపడతాదక్కా. నేను చేస్తా," అన్నాను.

"అక్కా, అడ్వాన్సు తీసుకోనుండాను!" అని తమ్ముడు అరిచాడు.

"తీసుకున్నోడివి నువ్వు. తిరిగిచ్చుకో."

పెట్టెను అదే పంచెలో చుట్టి, సాయంత్రం బండికి తిరుత్తణి తెచ్చేశాను. మళ్ళీ అంగడి గడప తొక్కలేదు.

ఆ తీగ వెంట్రుకంత సన్నం. ట్రాన్స్‌ఫార్మర్ రీలును చేత్తో తిప్పే డ్రిల్లుకు బిగించి, చుట్టు వెంట చుట్టు లెక్కపెడుతూ చుట్టాను. వంద కాగానే గోడ మీద సుద్దముక్కతో ఒక గీత. ఒకసారి ఆకుకూరల బండివాడు కేకేస్తే లెక్క తప్పింది. అంతా విప్పి మొదటికి వచ్చాను. అంగట్లో అయితే ఎవడు విప్పనిస్తాడు? మూడో వారానికి చుట్టడం అయింది. పాత సెట్టుకు ఒక్కసారిగా కరెంటు ఇవ్వకూడదు, దారిలో ఒక గుండు బల్బు పెట్టాలి. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గుమంటుంది, సెట్టు బతుకుతుంది. నా బల్బు ఒకసారి మెరిసి, మెల్లగా మసకబారింది. స్పీకరు గుర్రుమంది. వాల్వులు ఎర్రబడుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు పొద్దున ఆటోలో ఇడ్లీలంగడికి తీసుకెళ్ళాను. కొండకు పోయి గుండు కొట్టించుకుని వచ్చినవాళ్ళు బెంచీల నిండా ఉన్నారు. అక్క రేడియోను దాని పాత అరలో పెట్టించి, "తెలుగు దొరికేదాకా నువ్వు కదిలేది లేదు," అని నాకు ఆజ్ఞ వేసింది. నేను మీట తిప్పబోతే చెయ్యి తోసేసి తనే తిప్పింది. గరగర. తమిళం. మళ్ళీ గరగర. సాంబారు అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఆమె చెవి తిప్పలేదు. చివరికి ఎక్కడో నూతిలోనుంచి వచ్చినట్టు ఒక గొంతు, వేరుశెనగకు పట్టే తెగులు గురించి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

అక్క మీట వదిలింది. దేవుడి పటం దగ్గర కుంకుమ భరిణె తెచ్చి, వేలు తడిచేసి, ముల్లు ఆగినచోట అద్దం మీద గట్టిగా ఒత్తింది.

"ఇంకోసారి దీని మీద చెయ్యి వేసినావంటే సూడు," అంది.

వేయనన్నాను. అప్పటినుంచి ఎవరి సెట్టయినా అడగకుండా దుమ్ము కూడా దులపను.

ఆ పొద్దు నేనింకా ఇడ్లీలంగట్లో ఉండగానే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పార్టీ వచ్చి కూచోనుండాడు. అడ్వాన్సు వొద్దు, రేడియోనే కావాలంటాడు. ఇప్పుడు తెచ్చినావంటే సరిపోతాది. నువ్వేమీ కొయ్యొద్దు, నేనే కోసుకుంటా."

ఫోన్ తీసుకెళ్ళి రేడియో ముందు పెట్టాను. వేరుశెనగ తెగులుకు ఏ మందు ఎంత కలపాలో మొత్తం విననిచ్చాను.

"ఏందక్కా అది?" అన్నాడు తమ్ముడు.

"ఇది మాట్లాడతా ఉండాదిరా. మాట్లాడేదాన్ని నేను కొయ్యను, నిన్నూ కొయ్యనియ్యను. పార్టీని పొమ్మను."

వాడు ఫోన్ పెట్టేశాడు. ఆ తరువాత మళ్ళీ చేయలేదు, ఇంటికీ రాలేదు. బాధ లేదంటే అబద్ధం. ఒక్కగానొక్క తమ్ముడు. అయినా ఆ పొద్దు మళ్ళీ వస్తే ఆ ఫోన్ మళ్ళీ అక్కడే పెడతాను.