ఫ్లెక్సీ మీద పరిశోధనా పత్రం

2020 వేసవిలో నేను విజయవాడలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ని. మందుల షాపుల లైసెన్సులు, బిల్లులు, నిల్వలు తనిఖీ చేయడం, అనుమానం వచ్చిన మందు నుంచి శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపడం మా పని. మా పైన అసిస్టెంట్ డైరెక్టర్ ఉంటారు. కరోనా మొదటి విడతలో ఉయ్యూరు దగ్గర నేను చేసిన దాడి గురించి పదవీ విరమణ సభలో చాలా చెప్పాను. జీపు వేసుకుని సిబ్బందితో వెళ్ళి, జిల్లా మొత్తంలో ఒక పుకారు నోరు మూయించానన్నాను. చప్పట్లు కొట్టారు. మా ఇన్‌స్పెక్టర్లకు అప్పట్లో జీపుల్లేవని తెలిసినవాళ్ళు కూడా కొట్టారు.

జరిగింది ఇది.

కీళ్ళవాతానికీ, లూపస్ అనే జబ్బుకీ వాడే ఒక మాత్ర ఉంది. లూపస్‌లో ఒంటిని కాపాడే శక్తే ఒంటి మీద తిరగబడుతుంది. మాత్ర పేరు రాయను. రాస్తే రేపు మళ్ళీ ఎవరో ఒకరు షాపుకు పరిగెత్తుతారు. ఆ మాత్ర కరోనాను రాకుండా ఆపవచ్చని విదేశాల్లో కొందరు ఒక పత్రం రాసి, తోటి శాస్త్రజ్ఞులు పరిశీలించకముందే నెట్‌లో పెట్టారు. దాన్ని ప్రీప్రింట్ అంటారు. మా లెక్కలో చెప్పాలంటే, ల్యాబ్ రిపోర్టు రాకుండానే మార్కెట్లోకి వచ్చిన బ్యాచ్ అన్నమాట. పత్రం రాసినవాళ్ళు దాచలేదు. మొదటి పేజీ అడుగున ‘దీన్ని ఎవరూ ఇంకా సమీక్షించలేదు, వైద్యానికి ఆధారంగా తీసుకోవద్దు’ అని వాళ్ళే రాశారు.

నేనూ ఉన్న మందుల షాపుల వాట్సాప్ గ్రూపులోకి అది పూర్తి పత్రంగానే వచ్చింది. అక్కడి నుంచి ఊళ్ళ గ్రూపుల్లోకి మొదటి పేజీ ఒక్కటే వెళ్ళింది. ఆ తర్వాత గ్రాఫు బొమ్మ మిగిలింది. చివరికి ఎవరిదో గొంతు: “మందు దొరికిందంట, మనవాళ్ళందరికీ చెప్పండి.” వారం తిరక్కుండా వన్ టౌన్ హోల్‌సేల్ షాపుల్లో ఆ మాత్ర లేకుండా పోయింది.

అప్పుడు ఆఫీసుకు కరీముల్లా వచ్చాడు. వన్ టౌన్‌లో ఇనప్పెట్టెల తాళాలు బాగుచేస్తాడు. భార్య నూర్జహాన్‌కు లూపస్. ఆ మాత్ర రోజూ వేసుకోవాలి. ఉన్నవి అయిపోయాయి.

“షాపులన్నీ తిరిగాను సార్. ఉయ్యూరు దగ్గర ఊరికే పంచుతున్నారంట. డబ్బులిస్తానంటే లేవు, ఊరికే అయితే ఉన్నాయి. ఇదేం లెక్క సార్?”

అసిస్టెంట్ డైరెక్టర్ గారికి ఫోన్ చేశాను. లైసెన్సు లేకుండా మందులు పంచడం కూడా నేరమే కాబట్టి స్వాధీనం చేసుకుని కేసు రాయమన్నారు. కరీముల్లా స్కూటర్ వెనక కూర్చుని బయలుదేరాను. నా దాడికి సిబ్బంది కరీముల్లాయే.

ఊరి మొదట్లో షామియానా. మజ్జిగ పంచినట్టే మాత్రలు పంచుతున్నారు. వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ఆ పత్రం మొదటి పేజీ, ఇంగ్లీషులో, గ్రాఫుతో సహా. పంచుతున్నది కోటేశ్వరరావు గారు. చెరకు రైతు, లారీలు కూడా ఉన్నాయి. పక్కన భార్య సామ్రాజ్యం గారు.

“ఇదేమన్నా పసరు వైద్యమనుకున్నారా అండీ? డాక్టర్లు రాసిన పేపరు. గ్రాఫులున్నాయి చూడండి,” అన్నారాయన.

“పేజీ అడుగున ఏముందండీ?”

“అడుగున మా బావమరిది ఫొటో ఉందండి. సగం ఖర్చు ఆయనదే.”

సమీక్ష జరగలేదన్న వాక్యం సరిగ్గా బావమరిది గారి కిందే ఉంది. నేను అరగంట శాస్త్రీయంగా ప్రసంగించాననీ, జనం వరస వదిలి వెళ్ళిపోయారనీ సభలో చెప్పాను. అరగంట మాట నిజమే. ఒక్కరూ కదల్లేదు. వరసలోంచి ఒకాయన, “ఊరికే ఇస్తుంటే మీకెందుకండీ మంట?” అన్నాడు.

కరీముల్లా హెల్మెట్ తీసి సామ్రాజ్యం గారి దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మా, మాకొక డబ్బా ఇవ్వండి.”

“లైన్లో రా బాబూ. ఇంట్లో ఎంతమంది?”

“అందరికీ కాదమ్మా, మా ఆవిడకే. ఏళ్ళ తరబడి రోజూ వేసుకునే మందు ఇది. ఇప్పుడు బజార్లో లేదు. చేతులు వాచిపోయి గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది.”

ఆవిడ చేతిలో మాత్రల అట్ట అలాగే ఆగింది. “ఏమండీ, ఇది రోజూ వాడుకునేవాళ్ళ మందంట. మనమంతా ఊడ్చుకొచ్చామంట.”

“నాకెవరు చెప్పారే? పేపర్లో అది లేదుగా!” అన్నారు కోటేశ్వరరావు గారు.

పంపిణీ ఆగింది. ఇక చిక్కంతా నాది. నేను స్వాధీనం చేసుకుంటే రసీదు రాయాలి, మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. కేసు తేలేదాకా సరుకు మా ఆఫీసు బీరువాలో ఉంటుంది. నూర్జహాన్ మందుకు తాళం వేసేది అప్పుడు నేనే అవుతాను. కేసు రాయలేదు. షామియానా కింద వేడిలో పెట్టిన మాత్రలు పనికిరావని పక్కన పెట్టించాను. ఇంట్లో చల్లని గదిలో సీలు తియ్యకుండా ఉన్న డబ్బాలను బ్యాచ్ నంబర్లు సరిచూసి, వాళ్ళు కొన్న హోల్‌సేల్ షాపుకే బిల్లు మీద వాపసు చేయించాను. డాక్టరు రాసిన పాత చీటీ చూపించిన రోగులకే ఇవ్వాలని అక్కడ రాయించుకున్నాను. చీటీ అడక్కుండా అంత సరుకు అమ్మినందుకు, ఆ మాత్రలు రోగులకు చేరాక, ఆ షాపు లైసెన్సు కొన్నాళ్ళు సస్పెండ్ అయింది. ఈ ముక్కలో కోతల్లేవు, ఫైలుంది.

“కోర్టుకు వెళ్ళవలసిన సరుకు షాపుకెలా వెళ్ళిందయ్యా?” అని అసిస్టెంట్ డైరెక్టర్ గారు సంజాయిషీ అడిగారు. రాసిచ్చాను. ఆయన చదివి, ఇంకెప్పుడూ ఇలా చేయవద్దని ఒక మెమో ఇచ్చి ఊరుకున్నారు.

జిల్లాలో పుకారు ఆగలేదు. కొన్నాళ్ళకు చల్లపల్లి వైపు ఇంకో మాత్ర, ఇంకో పత్రం. మొదటి పత్రాన్ని రాసినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు. ఆ సంగతి షాపుల గ్రూపులో పెడితే ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. దాన్ని ఎవరూ ఊళ్ళకు పంపలేదు.

నూర్జహాన్‌కు ఆ వాపసు సరుకులోంచే మాత్రలు దొరికాయి. ఆ మందు మధ్యలో ఆగితే మళ్ళీ పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. ఆమె చేతుల వాపు నెమ్మదిగా తగ్గింది. కుడిచేతి వేలొకటి ఇప్పటికీ పూర్తిగా ముడవదని కరీముల్లా చెప్పాడు.

పరిశోధన నిజమో కాదో తేల్చేంత చదువు నాకు లేదు, ఆ అధికారం మా శాఖకూ లేదు. ఈ మందు రోజూ వేసుకునేవాళ్ళు ఎవరు, వాళ్ళకు సరిపడా షాపుల్లో ఉందా అని అడిగే అధికారం మాత్రం ఉంది. పత్రం గ్రూపులోకి వచ్చిన రోజునే ఆ రెండు ప్రశ్నలూ హోల్‌సేల్ షాపుకు ఫోన్ చేసి నేను అడిగి ఉండవచ్చు. దానికి స్కూటర్ కూడా అక్కర్లేదు.